నొప్పి లేదు డాక్టరమ్మా, బండ పెట్టినట్టుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది రాజమండ్రి, మీ అత్తగారిది సూర్యాపేట దగ్గర పల్లె. ఆవిడ ఆరు నెలలు ఉండి వెళ్దామని డల్లాస్‌లో మీ ఇంటికి వచ్చారు. వచ్చే నెలలో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది, ఆవిడ మాట అటు, ఆయన మాట ఇటు చేరవేసేది మీరే. ఆవిడేమో "కాళ్ళు గుంజుతున్నయి, అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నయి, లేస్తే చక్కరొస్తున్నది, మెట్లెక్కితే ఎదల బరువైతది" అంటున్నారు. మీరు అన్నిటికీ 'పెయిన్' అనో 'వీక్‌నెస్' అనో చెప్పేసి ఊరుకుంటున్నారు. ఏ తెలుగు మాటకు ఏ ఇంగ్లీషు మాట చెప్పాలో జాబితా ఇమ్మన్నారు.

జాబితా సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ నాలుగో మాట. మెట్లెక్కితే ఎదలో బరువు, ఆగితే తగ్గిపోవడం అంటే గుండెకు రక్తం చాలడం లేదేమోనని ఏ డాక్టరైనా మొదట అనుమానిస్తారు. వచ్చే నెల దాకా ఆగకండి. ఈరోజే ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెప్పండి, ఒకటి రెండు రోజుల్లో చూస్తారు. కూర్చుని ఉన్నప్పుడు వచ్చినా, నాలుగైదు నిమిషాలు ఆగినా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా మీ కారులో తీసుకెళ్దామని చూడకుండా 911కి చేయండి. ఇక్కడైతే 108 అని చెప్పేదాన్ని.

ఇక మాటల సంగతి.

నేను పుట్టింది తెనాలి పక్కన. చదువయ్యాక జనగామలో 16 ఏళ్ళు, ఆ తర్వాత గుంటూరులో 18 ఏళ్ళు ప్రాక్టీసు చేశాను. జనగామలో మొదటి వారం ఒక పెద్దాయన వచ్చి "పెయ్యంత నొస్తున్నది" అన్నాడు. మా వైపు పెయ్య అంటే ఆవుదూడ. దూడకు బాగాలేకపోతే పశువుల డాక్టర్ దగ్గరికి కదా వెళ్ళాలి అన్నాను. ఆయన నావంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పెయ్యి అంటే ఒళ్ళు. ఆయనకు ఒళ్ళంతా నొప్పులు. ఇంకో రోజు ఒకావిడ "చక్కరొస్తున్నది" అంటే చక్కెర జబ్బు అనుకుని మూత్ర పరీక్షకు రాసిచ్చాను. కాంపౌండర్ నవ్వాపుకుంటూ "కండ్లు తిరుగుతున్నయంటున్నదమ్మా" అన్నాడు. "పానం మంచిగ లేదు" అని కబురొస్తే ప్రాణం మీదికి వచ్చిందేమోనని పరుగున వెళ్ళాను. ఆ మనిషి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు, కాస్త జ్వరం తగిలిందంతే. మీకూ మీ అత్తగారికీ మధ్య కూడా కొంత ఇదే జరుగుతూ ఉంటుంది. ఆవిడ "దమ్మొస్తున్నది" అంటే ఆయాసం వస్తోందని. "నెత్తి నొస్తున్నది", "తల్కాయ నొస్తున్నది" అంటే తలనొప్పి. "సర్దయింది" అంటే మీరు రొంప అనో జలుబు అనో అనేది. రెక్కలు అంటే చేతులు. కాబట్టి ముందు తెలుగు నుంచి తెలుగుకు సరిచూసుకుని, ఇంగ్లీషు దగ్గరికి ఆ తర్వాతే వెళ్ళండి.

జనగామ నాకు నేర్పిన అసలు పాఠం ఇది కాదు. ఒక రైతు, 50 దాటి ఉంటాయి, మధ్యాహ్నం ఎండలో మూడు మైళ్ళు నడిచి వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. "ఛాతీలో నొప్పి ఉందా?" అని అడిగాను. "లేదు" అన్నాడు. మళ్ళీ అడిగాను. "నొప్పి లేదు డాక్టరమ్మా, బండ పెట్టినట్టుంది" అన్నాడు. పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టుకుని చూపించాడు. నేను పుస్తకంలో చదివిన 'చెస్ట్ పెయిన్' నా ఎదురుగా కూర్చుని ఉంది, నేనేమో అది లేదని రాసుకోబోతున్నాను. ఆ పిడికిలి పెట్టి చూపించడానికి వైద్యంలో లెవిన్ గుర్తు అని ఒక పేరే ఉంది. ఈసీజీ తీస్తే అది గుండెపోటే.

ఆయన అబద్ధం చెప్పలేదు. మన నొప్పి వేరు, ఇంగ్లీషు పెయిన్ వేరు. వాళ్ళు పెయిన్ అనే గొడుగు కింద బరువు, బిగుతు, మంట, పీకుడు అన్నీ పట్టిస్తారు. మనవాళ్ళకు నొప్పి అంటే నొప్పే. మంట నొప్పి కాదు, బరువు నొప్పి కాదు, లాగడం నొప్పి కాదు, పట్టేయడం నొప్పి కాదు. "నొప్పి ఉందా?" అని అడిగితే నిజాయితీగా లేదంటారు. మీరు ఆ 'లేదు'ను ఇంగ్లీషులో 'నో పెయిన్' అని అప్పజెబితే డాక్టర్ ఆ గడిలో టిక్కు పెట్టి ముందుకు వెళ్ళిపోతాడు. అందుకే డాక్టర్ 'ఎనీ పెయిన్?' అని అడిగినప్పుడు మీ అత్తగారిని "నొప్పి ఉందా?" అని అడగవద్దు. "అక్కడ ఎట్లా ఉంటుంది?" అని అడగండి.

గుండెపోటు అన్న మాటే ఇందులో సగం గందరగోళం తెచ్చిపెట్టింది. పోటు అంటే పొడవడం. కత్తిపోటు, వెన్నుపోటు, పక్కలో పోటు, చెవిపోటు, పంటిపోటు. పేపర్లో రోజూ గుండెపోటు అని చదివి, గుండె జబ్బంటే ఎవరో పొడిచినట్టు ఉంటుందని జనం అనుకుంటారు. నిజానికి చాలామందికి వచ్చేది పొడిచినట్టుండే నొప్పి కాదు. బిగించినట్టు, నొక్కినట్టు, పిండినట్టు, బరువు పెట్టినట్టు ఉంటుంది. అది ఎడమ చేతికో, దవడకో, వీపుకో, పైకడుపుకో పాకుతుంది. ఒక్క వేలు పెట్టి "ఇదిగో ఇక్కడే, గుచ్చినట్టు" అని చూపించగలిగితే అది గుండెది కాకపోయే అవకాశమే ఎక్కువ, కండరానిదో పక్కటెముకదో అయి ఉంటుంది. అలాగని ఇంట్లోనే తేల్చేసుకోమని కాదు. ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో గుండె జబ్బు ఇంకా వేషాలు మారుస్తుంది. ఉత్త ఆయాసంగానో, వికారంగానో, అంతుచిక్కని నీరసంగానో వస్తుంది.

రక్తపోటులో పోటు ఇంకోటి. అది సముద్రపు పోటు లాంటిది, ఉరవడి. అది నొప్పి పుట్టించదు. బీపీ ఎంత పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు. "తలపోటు లేదు కాబట్టి బీపీ లేదు" అని మాత్ర మానేసిన వాళ్ళను లెక్కలేనంత మందిని చూశాను. మీ అత్తగారు బీపీ మాత్ర వేసుకుంటుంటే ఒకసారి డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.

మీరు జాబితా అడిగారు కదా, అది ఎందుకు పనికిరాదో చెబుతాను. ఇంగ్లీషులో మనిషికి నొప్పి 'ఉంటుంది'. తెలుగులో ఒంట్లో భాగాలే పని చేస్తాయి, మనిషి పక్కన నిలబడి చూస్తుంటాడు. కాలు లాగుతుంది, పిక్క పట్టేస్తుంది, కడుపు మెలిపెడుతుంది, తల పగిలిపోతుంది, పన్ను జివ్వుమంటుంది, నడుము పడిపోతుంది. మన దగ్గర బాధ చాలావరకు క్రియలోనే ఉంటుంది. ఆ క్రియను తీసి పక్కన పడేసి ఒక నామవాచకం చేతిలో పెడితే డాక్టర్‌కు కావలసింది కాస్తా పోతుంది. కాబట్టి మాటకు మాట వెతక్కండి. ఆ క్రియను విప్పి చెప్పండి.

సలుపు తీసుకోండి. గోరుచుట్టు లేచినప్పుడు, పిప్పి పన్ను ముదిరినప్పుడు, సెగగడ్డ చీము పట్టినప్పుడు వచ్చేది సలుపు. గుండె కొట్టుకున్నట్టే అక్కడా కొట్టుకుంటుంది, రాత్రి ఎక్కువవుతుంది, చెయ్యి కిందికి వేలాడేస్తే ఇంకా ఎక్కువ. "రాత్రంతా సలిపింది, కన్ను మూస్తే ఒట్టు" అంటారు. దీనికి ఇంగ్లీషులో థ్రాబింగ్ దగ్గరి మాట. కానీ థ్రాబింగ్ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా, రాత్రి నిద్ర పట్టనివ్వలేదని, తాకితే వేడిగా ఉందని కూడా చెబితే లోపల చీము ఉందేమోనన్న ఆలోచన ఆయనకు వెంటనే వస్తుంది. సలుపుతున్న గడ్డను చూడగానే మా సర్జన్లు కత్తి వైపు చూసేవాళ్ళు. పార్శ్వనొప్పి కూడా చాలామందికి ఒక కణత దగ్గర ఇలాగే కొట్టుకుంటుంది. దానితో పాటు వికారం ఉందా, వెలుతురు చూస్తే చిరాకుగా ఉందా అన్నవి అడిగి చెప్పండి.

పీకడం, గుంజడం దీనికి పూర్తిగా ఎదురు. అందులో దెబ్బ లేదు, చురుకు లేదు, సాయంత్రానికి కాళ్ళలోంచి ఎవరో ఏదో లాగేస్తున్నట్టు ఒక ఈడుపు. పిల్లలెవరైనా కాళ్ళు పడితే హాయిగా ఉంటుంది, చీర చెంగుతో గట్టిగా కట్టుకుంటే తగ్గుతుంది. మీ అత్తగారు గుంజుడు అంటున్నది చాలావరకు ఇదే అయి ఉంటుంది. 'డల్ ఏక్' అనండి, 'డ్రాగింగ్' అని కలపండి. కానీ అక్కడితో ఆగవద్దు, ఎప్పుడన్నదే ఇక్కడ ముఖ్యం. రోజంతా నిలబడ్డాక సాయంత్రం గుంజితే, పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటే అది ఒక దారి. పడుకున్నాక మొదలై, కాళ్ళు అటూ ఇటూ ఆడిస్తే గానీ ఉండబట్టకపోతే ఇంకో దారి, అప్పుడు రక్తంలో ఇనుము చూస్తారు. నాలుగు వీధులు నడిచేసరికి పిక్కలు పట్టేసి, నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గి, మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేస్తే అది కాలి రక్తనాళాలు సన్నబడిన సంగతి కావచ్చు. ఆవిడ ఎదలో బరువుకూ దానికీ చుట్టరికం ఉంటుంది, ఈ రెండూ ఒకే ఊపిరిలో చెప్పండి.

లాగడం ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. "నరం లాగుతోంది" అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడగండి, వేలితో గీసి చూపించమనండి. నడుము దగ్గర మొదలై పిర్ర మీదుగా తొడ వెనకాల దిగి మోకాలు దాటి పాదం దాకా గీత గీస్తే, ఆ గీతే సగం రోగనిర్ధారణ. డాక్టర్‌కు సయాటికా అన్న మాట మీరు చెప్పనక్కర్లేదు, గీత చూపిస్తే చాలు.

ఇక మన భాషలో నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది ధ్వని మాటలు. ఇవి పేషెంట్లు చెబుతుంటే కొందరు కుర్ర డాక్టర్లు విసుక్కుంటారు. అవి ఎంత కచ్చితమైనవో వాళ్ళకు తెలియదు. మాట చివర 'క్కు' వస్తే ఒక్కసారి జరిగి ఆగిపోయింది అని అర్థం. బిందె ఎత్తబోతే నడుము కలుక్కుమంది. ఇంజక్షన్ చురుక్కుమంది. అదే మాట రెండుసార్లు వస్తే సాగుతూనే ఉంది అని అర్థం. గాయం చురచురలాడుతోంది. కళ్ళు గరగరలాడుతున్నాయి. గుండె దడదడలాడుతోంది. "గుండె ఝల్లుమంది" అనడానికీ "గుండె దడదడలాడుతోంది" అనడానికీ తేడా ఒక నిమిషమో అరగంటో అన్నంత తేడా. ఈ రెండోదాన్ని పాల్పిటేషన్స్ అనండి, ఎంతసేపు ఉందో చెప్పండి, వీలైతే ఆవిడ చేత బల్ల మీద వేళ్ళతో ఆ కొట్టుకునే తీరు దరువు వేసి చూపించమనండి. సమంగా వేస్తున్నారా, తప్పుతాళం పడుతోందా అన్నది డాక్టర్‌కు బాగా పనికొస్తుంది. జివ్వుమనడం అంటే నరం మీద తగిలిందన్నమాట. చల్లనీళ్ళకు పన్ను, గుమ్మానికి కొట్టుకున్న మోచెయ్యి రెండూ జివ్వుమనేది అందుకే. 'ఎలక్ట్రిక్ షాక్ లాగా' అంటే అక్కడివాళ్ళకు అర్థమవుతుంది.

తిమ్మిరి దగ్గర మాత్రం మన భాషే కాస్త మోసం చేస్తుంది. బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది. అందులో మొదట మొద్దుబారుతుంది, తర్వాత చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు అవుతుంది. మనం రెండింటినీ తిమ్మిరే అంటాం. డాక్టర్‌కు ఇవి రెండు వేరు వేరు. సూదులు గుచ్చినట్టుంటే టింగ్లింగ్, స్పర్శే తెలియకపోతే నంబ్‌నెస్. దానికి తోడు అరికాళ్ళ మంటలున్నాయా, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారా అనేది ఇంకొకటి. నేను షుగర్ పేషెంట్లను తిమ్మిర్ల గురించి అడిగేదాన్ని కాదు, "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకుండా ముందుకు వెళ్ళారా ఎప్పుడైనా?" అని అడిగేదాన్ని. అవును అన్నారంటే అరికాలి స్పర్శ పోతోందన్నమాట, మేకు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డా తెలియదు. మీ అత్తగారిని ఇదే ప్రశ్న అడగండి, జవాబు యథాతథంగా చెప్పండి.

ఒక హెచ్చరిక. రెండు పాదాలకూ నెలల తరబడి మెల్లగా ఎక్కే తిమ్మిరి వేరు, ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి, కాలు, మూతి మొద్దుబారడం వేరు. మాట తడబడినా, మూతి ఒక పక్కకు జారినా, చెయ్యి పైకెత్తితే వాలిపోతున్నా అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్‌ను మామూలుగా ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అందుకని "ఎప్పటి నుంచి?" అన్న ప్రశ్నకు "పొద్దుట్నుంచి" అని చెప్పకండి, ఆవిడ మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎన్ని గంటలకు చూశారో గుర్తు తెచ్చుకుని చెప్పండి. కాళ్ళు రుద్దుతూ, నిమ్మరసం తాగిస్తూ ఆ గంటలు పోగొట్టుకున్న ఇళ్ళు నాకు చాలా తెలుసు.

చక్కరొచ్చుడు, కళ్ళు తిరగడం, తల తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, తూలు రావడం. వీటన్నిటికీ డిజ్జీ అనే ఒక్క మాట వాడితే డాక్టర్ కూడా తల పట్టుకుంటాడు. నేను పేషెంట్‌ను ఇలా అడిగేదాన్ని: గది తిరుగుతోందా, చీకట్లు కమ్ముతున్నాయా, కాలు నిలవడం లేదా? గది గిర్రున తిరిగితే, ముఖ్యంగా పక్క మీద అటు నుంచి ఇటు దొర్లినప్పుడు కొద్ది సెకన్లు తిరిగి ఆగిపోతే, సాధారణంగా అది లోపలి చెవి సంగతి. మాత్రల కంటే తలను ఒక పద్ధతిలో తిప్పి చేసే చికిత్సతో తగ్గుతుంది. మీ అత్తగారు లేస్తే చక్కరొస్తుందంటున్నారు. అంటే కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడగానే చీకట్లు కమ్మి, గోడ పట్టుకుంటే సర్దుకుంటుందేమో కనుక్కోండి. అలాగైతే పడుకోబెట్టి, నిలబెట్టి రెండుసార్లు బీపీ చూడమని అడగండి. బీపీ మాత్రల మోతాదు ఎక్కువైనా, నీళ్ళు సరిగా తాగకపోయినా, రక్తం తక్కువైనా ఇలా అవుతుంది. కళ్ళు, తల బాగానే ఉండి నడకలో తూలుతుంటే ఆ అరికాళ్ళ స్పర్శ దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి, రాత్రి చీకట్లో బాత్రూంకు వెళ్ళేటప్పుడు ఎక్కువ తూలుతున్నారా అని అడగండి.

నీరసాన్ని వీక్‌నెస్ అనకండి. డాక్టర్‌కు వీక్‌నెస్ అంటే కండరంలో బలం తగ్గడం. చెంబు చేతిలోంచి జారిపోవడం, కింద కూర్చుంటే చేతులు ఊనకుండా లేవలేకపోవడం. నీరసం అంటే ఓపిక లేకపోవడం, నిస్సత్తువ. ఇది ఫెటీగ్. ఈ ఒక్క మాట తేడాతో అనవసరంగా నరాల డాక్టర్ దాకా వెళ్ళి వచ్చినవాళ్ళు ఉన్నారు.

కడుపు సంగతి పెద్దది, నాలుగు ముక్కల్లో చెబుతాను. కడుపులో తిప్పుతోంది, దేవుతోంది అంటే వికారం, డోకు వచ్చేలా ఉందని. 'స్టమక్ ఈజ్ రొటేటింగ్' అని ఒక అబ్బాయి వాళ్ళ నాన్న తరఫున రాసిన చీటీ నా దగ్గరికే వచ్చింది, అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం. నాజియా అనండి. మెలిపెట్టడం, నులినొప్పి అంటే వస్తూ పోతూ ఉండేది, పిండి వదిలినట్టు. క్రాంప్స్ అనండి. డొక్కలో మొదలై గజ్జ వైపు దిగుతూ, మనిషిని ఒక చోట కూర్చోనివ్వకుండా గిలగిలలాడిస్తే మూత్రపిండాల్లో రాయేమో చూస్తారు. బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడి పక్క పొత్తికడుపులోకి దిగి అక్కడే కూర్చుని, దగ్గినా కదిలినా ఎక్కువైతే అపెండిక్స్. రాయి ఉన్నవాళ్ళు మెలికలు తిరిగిపోతారు, అపెండిక్స్ వాళ్ళు కదలకుండా ముడుచుకుని పడుకుంటారు. ఎలా పడుకున్నారన్నది కూడా చెప్పండి.

ఇక మనవాళ్ళ నోట రోజూ వినేవి, వినగానే నేను పెన్ను కింద పెట్టేసేవి కొన్ని ఉన్నాయి. గ్యాస్ పట్టేసింది. వేడి చేసింది. వాతం చేసింది. పైత్యం. ఇవి లక్షణాలు కావు, ఇవి పేషెంట్ తానే ఇచ్చుకున్న తీర్పులు. గ్యాస్ అన్న మాట కింద అజీర్తి ఉండొచ్చు, పిత్తాశయంలో రాళ్ళుండొచ్చు, గుండెపోటు ఉండొచ్చు. అర్ధరాత్రి సోడా తాగి, వాము నమిలి, తెల్లారాక ఆస్పత్రికి వచ్చేసరికి ఆలస్యమైపోయిన గ్యాస్‌లు నాకు గుర్తున్నాయి. వేడి చేసింది అంటే ఒకరికి నోటిపూత, ఒకరికి మూత్రంలో మంట, ఒకరికి కళ్ళ మంట. మీరు వాటిని 'గ్యాస్', 'బాడీ హీట్' అని అనువదిస్తే అక్కడి డాక్టర్ థర్మామీటర్ తీస్తాడు. "ఆ మాట వాడకుండా ఎట్లా ఉందో చెప్పండి అత్తయ్యా" అని అడగండి. మొదట చిరాకు పడతారు, తర్వాత చాలా అందంగా చెబుతారు.

నలత మాత్రం అలాగే ఉంచండి. జ్వరం కాదు, జలుబు కాదు, ఏదో బాగాలేదు. ఒళ్ళు కాస్త వెచ్చబడితే పులకరం. ఇంగ్లీషులో అన్‌వెల్ అంటే సరిపోతుంది, దాన్ని ఇంకా తవ్వనక్కర్లేదు.

అక్కడ తప్పకుండా అడిగే ఇంకో ప్రశ్న: సున్నా నుంచి పది దాకా మీ నొప్పి ఎంత? మన పెద్దవాళ్ళకు ఇది పరీక్ష మార్కుల్లా వినిపిస్తుంది. కొందరు వినయంగా రెండు అంటారు, కొందరు డాక్టర్ పట్టించుకోవాలని పది అంటారు. ఈ అంకెల ఇబ్బంది తెలిసే కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని మాటలతో కొలిచే పట్టిక ఒకటి అచ్చు వేశాడు. అందులో 78 మాటలు, 20 గుంపులు. పేషెంట్ తనకు సరిపడే మాటలు ఏరుకోవాలి. ఆలోచన గొప్పది. కానీ ఆ 78 మాటలను వరసగా తెలుగులోకి దించి మా కాలనీ బామ్మగారికి ఇస్తే ఆవిడ అందులో సలుపు ఏది, పీకుడు ఏది అని వెతుక్కుంటారు. అంకె అడిగినప్పుడు నేనైతే పనులతో కొలిచేదాన్ని. నిద్ర మధ్యలో లేపిందా? అన్నం సగంలో వదిలేశారా? గుడి దాకా నడవగలిగారా? పూజ గదిలో కింద కూర్చోగలుగుతున్నారా? 'ఏడు' అనే బదులు 'రాత్రి రెండుసార్లు లేపింది, వారం నుంచి కింద కూర్చోలేకపోతున్నారు' అని చెప్పండి. ఏ దేశపు డాక్టర్‌కైనా అది అర్థమవుతుంది.

మీకు తెలియకపోవచ్చు, ఈ అనువాదం మీరే చేయాల్సిన పని లేదు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు, క్లినిక్‌లు ఇంగ్లీషు రానివాళ్ళకు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం కిందే ఆ బాధ్యత ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని చెప్పండి, ఫోన్‌లోనో వీడియోలోనో దొరుకుతారు. మీరు పక్కన ఉండండి, ఆవిడ సూర్యాపేట మాట దుబాసీకి తెలియకపోతే మీరు అందుకోండి. కోడలి ముందు చెప్పలేని సంగతులు కొన్ని ఉంటాయి, మూత్రం ఆపుకోలేకపోవడం లాంటివి. కాసేపు మీరు బయటికి వెళ్ళడానికి కూడా ఇది వీలుగా ఉంటుంది.

వెళ్ళేలోపు ఒక కాగితం పెట్టుకోండి. ఆవిడ ఏదన్నా అన్నప్పుడు ఆ మాటే, ఆ యాసలోనే రాయండి. పక్కన ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా, ఏం చేస్తే తగ్గింది అన్నవి రాయండి. ఇంగ్లీషు అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చు.

చివరగా, ఆవిడ డాక్టర్ ముందు కూర్చోగానే ఏం చెబుతారో నాకు తెలుసు. కొంగు సర్దుకుని, నవ్వి, "ఏం లేదు, మంచిగనే ఉన్న" అంటారు. ఇంట్లో మీతో అన్న నాలుగు మాటల్లో ఒక్కటీ బయటికి రాదు. అప్పుడు "నొప్పి ఉందని చెప్పారు కదా అత్తయ్యా" అని నిలదీయకండి, లేదనేస్తారు. "మొన్న పైకి బట్టలు తీసుకెళ్తూ ఎన్నో మెట్టు మీద ఆగారు?" అని అడగండి. ఆవిడ చెప్పే మెట్టు సంఖ్య డాక్టర్‌కు చెప్పండి, ఆవిడ చెయ్యి ఎదమీద ఎక్కడ పెట్టుకుని చూపిస్తున్నారో చూడమనండి.